నా మీద నేనిచ్చిన ఫిర్యాదు

అరవై మూడో ఏట నేను వైద్య కళాశాలలో చేరాను. మూడో తరగతి తర్వాత నేరుగా అదే. మధ్యలో యాభై అయిదేళ్లు చదువు ఎందుకు ఆగిందని దరఖాస్తులో ఒక గడి ఉంది. "వంట" అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ దేశం పేరు రాయను. నా నోట సరిగా పలకదు, పైగా వాళ్లు మంచివాళ్లే. ఏడు నెలలు మంచు కురుస్తుంది. మిగతా అయిదు నెలలు కురుస్తుందేమోనని అందరూ కోట్లు వేసుకుని తిరుగుతారు. అక్కడ మన పిల్లలు నూట నలభై మంది డాక్టరీ చదువుతున్నారు. వాళ్లను అక్కడ చేర్పించిన కన్సల్టెన్సీ వాళ్లే కళాశాల భవనం కింది అంతస్తులో మెస్సు పెట్టారు. ఆ మెస్సుకు వంట మేస్త్రిని నేను. గుర్రం బాలకోటయ్య, అద్దంకి. పెళ్లిళ్లకు వండుకుంటూ ఉండగా, ఒక పెళ్లిలో కన్సల్టెన్సీ యజమాని నా గుత్తివంకాయ మూడుసార్లు పెట్టించుకుని తిని, పాస్‌పోర్టు ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆయనే తెప్పించాడు. నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాలంటే మాట్లాడాలి.

పిల్లల చదువు నాకు వడ్డన బల్ల ఇవతలి నుంచే తెలిసేది. ఏడింటికి తడి తలలతో దిగేవాళ్లు. సాంబారు బకెట్టుకు నోట్సు ఆనించి ఎముకల పేర్లు వల్లించేవాళ్లు. ఫోనును గ్లాసుకు నిలబెట్టి, "చూడమ్మా, తింటున్నా" అని కంచం చూపించేవాళ్లు. ఎనిమిదికి తెల్లకోట్లు తగిలించుకుని పైకి పోయేవాళ్లు. మళ్లీ ఒంటిగంటకు ఆకలితో దిగేవాళ్లు. పైన ఏం జరిగేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

అంతా గేటుతో మొదలైంది.

కళాశాల వరండాలో ఎవరో సైకిలు ఎత్తుకుపోయారు. దాని మీద డీను గారు కమిటీ వేశారు. కమిటీ నాలుగు నెలలు ఆలోచించి, కళాశాలకు అద్దాల గేటు పెట్టించింది. కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. కార్డులు మూడు రకాలు: విద్యార్థి, అధ్యాపకుడు, కాపలా. వంటవాడు అనే రకం లేదు. మెస్సు కన్సల్టెన్సీది గనక వంటవాడు కళాశాల లెక్కలోకి రాడు.

మొదటిరోజు తెల్లవారి గేటు బయట నిలబడ్డాను. కాపలా మనిషి నన్ను రెండేళ్లుగా ఎరుగును. నా పులిహోరకు అలవాటుపడ్డ మనిషి. అద్దంలోంచి నమస్కారం పెట్టాడు. తలుపు మాత్రం తీయలేదు.

మా పిల్లల సంక్షేమం చూడడానికి కన్సల్టెన్సీ వాళ్లు అక్కడ ఉదయభాస్కర్ అనే ఆయన్ను పెట్టారు. విజయవాడ మనిషి. మెడలో టై, చేతిలో ఫైలు. ఆయన పరుగెత్తుకొచ్చి కాపలా మనిషితోను, కాపలా మనిషి పైవాడితోను మాట్లాడి, తిరిగొచ్చాడు.

"మాస్టారూ, ఇది కేవలం ప్రొసీజరల్ ఇష్యూ అండీ. కొత్తరకం కార్డు పెట్టాలంటే సెనేటు కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటది?"

"ఇప్పుడే లేచిందండీ. మళ్లీ వచ్చే ఏడు."

లోపల రాత్రి రుబ్బి పెట్టిన పిండి పొంగి మూత దాటుతున్నది. నా ముందు మంచు. కింది అంతస్తు కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది. నేను మంచులో గొంతుక్కూర్చుని ఆ కిటికీలోంచి చెబుతుంటే, కరీంనగర్ పిల్లవాడు ప్రణీత్ లోపల గరిటె పట్టాడు. మూడో సంవత్సరం చదువుతున్నాడు. మనిషి గుండెను కోసి మళ్లీ కుట్టడం పుస్తకంలో చదివాడట.

"తాతా, ఆవాలు ఎన్ని ఎయ్యాలె?"

"చారెడు."

"చారెడంటె ఎన్ని గ్రాములు?"

"నీ అరచెయ్యి చూసుకో అబ్బాయ్."

"నా చెయ్యి పెద్దగుంటది తాతా, నీది చిన్నగుంటది!"

ఆవాలు చిటపటమనేసరికి గరిటె అక్కడే పడేసి బల్ల వెనక్కు దూకాడు. పొగకు గంటలు మోగాయి. అగ్నిమాపక బండి వచ్చింది. కాపలా మనిషి వాళ్లకు తలుపు తీశాడు. వాళ్లకూ కార్డు లేదు. ఆ సంగతి అడగబోయి ఊరుకున్నాను.

అలా మూడు రోజులు పిల్లలు రొట్టె తిని క్లాసులకు పోయారు. నాలుగో రోజు ఉదయభాస్కర్ ముఖం వెలిగించుకుని వచ్చాడు.

"సొల్యూషన్ దొరికిందండీ. మీరు అడ్మిషన్ తీసుకోండి."

"దేనికి?"

"సన్నాహక కోర్సుకి. మెడిసిన్‌కి ముందు ఒక ఏడాది భాష నేర్పుతారు. కనీస వయస్సు పదిహేడు అని రాశారు. గరిష్ఠ వయస్సు రాయడం మర్చిపోయారు. మనం ఆ వెసులుబాటును సద్వినియోగం చేసుకుంటున్నాం."

ఇది ఆయన తెలివి అనుకున్నాను. ఇంతమందిని ఆ దేశం చేర్చిన తెలివి అదే మరి.

మర్నాడు కార్డు వచ్చింది. నా ఫోటో, కింద వాళ్ల అక్షరాల్లో నా పేరు, పక్కన "విద్యార్థి". గేటు ముందు పెట్టగానే అద్దాలు రెండూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. నిజం చెప్పుకోవాలి. ఆ క్షణాన నాకు కొంచెం కొవ్వెక్కింది. కార్డు చొక్కా లోపల వేసుకోవచ్చు. బయటికి వేసుకున్నాను. గేటు దాటాక వంటగదికి వెనకవైపు మెట్లు దగ్గర. ముందు వైపు నుంచి, అందరూ చూసేట్టు వెళ్లాను. వారం తిరక్కుండా ఒక సంచి కూడా కొన్నాను, వీపుకు తగిలించుకునేది. అందులో ఏముందంటే ఒక అట్లకాడ.

"ఏంది తాతా, సంచి యాసుకొని వస్తాండావు! యా ఇయరు?" అని అడిగింది రుక్సానా. ఆదోని పిల్ల. నాలుగో సంవత్సరం. మెస్సు లీడరు.

"ఫస్టియరు" అన్నాను.

"ర్యాగింగు జేస్తాం చూడు. ఇంకో దోసె యెయ్యి."

వేశాను.

గేటు యంత్రమే హాజరు కూడా వేస్తుంది. లోపలికి వచ్చిన గంట, బయటికి పోయిన గంట చూసి, మధ్యదంతా చదువు కింద లెక్కగడుతుంది. విద్యార్థి రోజుకు ఆరు గంటలు ఉండాలి. నేను పదహారు గంటలు ఉంటాను. నెల తిరిగేసరికి నా హాజరు రెండువందల అరవై ఆరు శాతం అని తేలింది. నోటీసు బోర్డులో నా ఫోటో పెట్టారు. కింద డీను గారి మాట. ఉదయభాస్కర్ తెలుగు చేసి చదివాడు: "విద్య యెడల ఇట్టి తపన ఈ సంస్థ చరిత్రలో అపూర్వము."

హాజరు బాగున్నవాడికి బాధ్యత ఇవ్వాలనేది వాళ్ల విధానం. నన్ను ఆహార నాణ్యతా ప్రతినిధిని చేశారు. విద్యార్థుల తరఫున నెలకొకసారి మెస్సు భోజనం మీద ఫారం నింపి ఇవ్వాలి.

ఫారంలో మూడు గడులు. మూడింటిలో మూడు లోపాలు రాయాలి. రాయకపోతే తీసుకోరు. లోపం లేని భోజనం ఉండదని వాళ్ల పరిశోధన.

నా ముందు ఈ పని చేసిన పిల్లలు మూడు గడుల్లోను "చల్లగా ఉంది" అని రాసి పడేసేవాళ్లు. ఎవరూ పట్టించుకునేవాళ్లు కారు. నేనూ అలాగే రాయవలసింది. రాయలేకపోయాను. నా సాంబారు చల్లగా ఉందని ఎవరైనా అంటే, అది నేనైనా సరే, ఒప్పుకోను. వేడిగానే ఉంటుంది. అందుకని ఉన్నవి రాశాను. మంగళవారం పక్క కళాశాల పిల్లలు ఇరవై మంది చెప్పకుండా వస్తే, సాంబారులో రెండు చెంబులు నీళ్లు పోసి సరిపెట్టారు. చింతపండు అయిపోతే పులిహోరలో నిమ్మరసం పిండి, పైన కాస్త బెల్లం వేసి కప్పిపుచ్చారు. గురువారం ఇంగువ మరిచిపోయి, తాలింపు మళ్లీ పెట్టకుండా, దించాక పైన చల్లారు.

ప్రణీత్ అది వాళ్ల భాషలో రాసి పెట్టాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, "గివన్ని ఎవనికి ఎర్కయితయ్ తాతా? మేమైతే మంచిగనే తిన్నం" అన్నాడు.

"నాలిక ఉన్నోడికి తెలుస్తది" అన్నాను.

నూట నలభై మందిలో ఎవరూ పసిగట్టలేనిది నేను పసిగట్టానని గర్వపడ్డాను. వండింది నేనే గనక పసిగట్టడం అంత కష్టం కాదన్న సంగతి అప్పుడు తోచలేదు.

వారంలో కాగితం వచ్చింది. ఉదయభాస్కర్ వంటగదిలో నిలబడి చదివాడు.

"విషయము: మెస్సు వంటవాడు సాంబారునందు నీరు కలుపుట, పులిహోరయందు మోసము, ఇంగువ యెడల నిర్లక్ష్యము. విద్యార్థి ఫిర్యాదు. విచారణకు ఉత్తర్వులు. ఇంత నిర్దిష్టమైన ఫిర్యాదు ఈ కార్యాలయమునకు ఇదివరలో అందియుండలేదు. కావున దీనిని తీవ్రముగా పరిగణించనైనది. ఆరోపణలు రుజువైనచో వంటవానిని తొలగించి, మెస్సు మూసివేయబడును. విద్యార్థులు కళాశాల క్యాంటీనునందు భుజింపవలెను."

క్యాంటీనులో బీట్‌రూటు అనే ఎర్రదుంపల సూపు, చల్లటి చేప. ఎర్రదుంపల సూపు మూడు పూటలా. పరీక్షలు పదహారు రోజుల్లో ఉన్నాయి.

"ఇంకా ఉంది మాస్టారూ" అన్నాడు ఉదయభాస్కర్. "ఫిర్యాదుదారుని రక్షణార్థము, విచారణ ముగియువరకు, సదరు వంటవాడు సదరు విద్యార్థికి యాభై మీటర్ల లోపు రారాదు."

పప్పు ఉడుకుతున్నది.

"ఇద్దరం ఒకటేనని చెప్పు" అన్నాను.

"అయ్యబాబోయ్! వంటవాడిని విద్యార్థి అని చేర్పించామని తేలితే దొంగ అడ్మిషన్ అవుతుందండీ. కన్సల్టెన్సీ లైసెన్సు పోతుంది. మెస్సు ఆ నిమిషానే పోతుంది. మీరు సహకరించండి. కొన్నాళ్లు మీరు మీకు దూరంగా ఉండాలి."

నా జీవితంలో చాలామందికి దూరంగా ఉన్నాను. ఇది మాత్రం కొత్త.

దారి రుక్సానాయే కనిపెట్టింది. విద్యార్థి అంటే కార్డు. వంటవాడు అంటే నడుముకు కట్టుకునే గుడ్డ. కార్డుతో గేటు దాటి వచ్చాక, కార్డును, సంచిని ఆమెకు ఇస్తే, ఆమె అయిదో అంతస్తులో ఉన్న లైబ్రరీలో పెడుతుంది. అప్పుడు నేను గుడ్డ కట్టుకుంటాను. కాపలా మనిషి టేపు తీసుకుని వచ్చాడు. వంటగదిలో గుడ్డ దగ్గర ఒక కొస నన్నే పట్టుకోమన్నాడు. మెట్ల మీదుగా కొలుచుకుంటూ కార్డు దాకా పోయి, యాభై రెండు మీటర్లని రాసుకున్నాడు. తిరిగొచ్చి నా భుజం తట్టాడు. నిబంధన తు.చ. తప్పక పాటించబడుచున్నదని రిపోర్టు వెళ్లింది.

విచారణ శుక్రవారం. ఉదయం విద్యార్థి వాంగ్మూలం, మధ్యాహ్నం వంటవాడిది.

గురువారం సాయంత్రం పిల్లలిద్దరూ వంటగదిలో నా ముందు కూర్చున్నారు. రుక్సానా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది, తీస్తూ తిడుతున్నది.

"తాతా, రేపు మధ్యాన్నం 'నేను నీళ్లు పొయ్యలేదు' అను. ఒక్క మాట. నువ్వు యెట్లా యెక్కువ మాట్లాడవు గదా, ఆ ఒక్క మాట జెప్పు చాలు."

"పోశాను గదమ్మా."

"పోసినావులే! లోకంలో ఎవురు పొయ్యరు? మా యమ్మ పోస్తాది. పైన దేవుడు గుడక వానలో పోస్తాండాడు."

"గట్లంటె స్టూడెంటు అబద్ధమాడిండని అయితది గదా" అన్నాడు ప్రణీత్. "కార్డు గుంజుకుంటరు. కార్డు లేకుంటె గేటు తెరుచుకోదు. మల్ల కిటికీల నుంచే వంట."

"అయితే పొద్దున స్టూడెంటే మాట మార్చుకోవల్ల. తప్పు రాసినానని చెప్పుకోవల్ల."

"తప్పుడు ఫిర్యాదుకు సస్పెన్షన్. రూల్సు బుక్కుల ఉన్నది."

ఎటు తిరిగినా గోడే. రుక్సానా చిక్కుడుకాయ కింద పడేసింది. "నాకు ఆ సూపు తాగితే కడుపులో తిప్పుతాది తాతా. పోయిన ఎండాకాలం నువ్వు ఊరికి పోయిన నెల, నేను రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్యా. ఈసారి పోతే మా నాయిన ఇంటికి రమ్మంటాడు. రమ్మని పెండ్లి జేస్తాడు. తెలుసునా నీకు?"

నాకు తెలియదు. బల్ల ఇవతలి నుంచి అది కనపడలేదు.

శుక్రవారం ఉదయం సంచి తగిలించుకుని వెళ్లాను. పెద్ద బల్ల వెనక డీను గారు, పెద్దావిడ, నగలేమీ లేవు, కళ్లజోడు మాత్రం రెండు. ఒకటి కళ్లకు, ఒకటి తలకు. పక్కన రిజిస్ట్రారు. ఉదయభాస్కర్ మధ్యలో నిలబడి మాట అటూ ఇటూ మోస్తున్నాడు.

"ఫిర్యాదులో ఉన్నదంతా నిజమేనా?"

"నిజమే."

"మీరు భయపడనక్కరలేదు. ఆ వంటవాడు మిమ్మల్ని బెదిరించాడా?"

"లేదు. తిట్టుకున్నాడు."

డీను గారు జాలిగా చూసి రాసుకున్నారు.

మధ్యాహ్నం సంచి పైకి పంపి, గుడ్డ కట్టుకుని వెళ్లాను. అదే గది, అదే కుర్చీ. డీను గారు నన్ను చూసి రెండో కళ్లజోడు కూడా పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. రిజిస్ట్రారు వైపు వంగి ఏదో అడిగారు. రిజిస్ట్రారు తన ముందున్న రెండు ఫైళ్లు ఎత్తి పక్కపక్కన పెట్టాడు. ఒకటి పచ్చది, ఒకటి నీలం. వేరువేరు నంబర్లు. ఆయన అన్నదాన్ని ఉదయభాస్కర్ చెమట తుడుచుకుంటూ నాకు చెప్పాడు.

"ఫైళ్లు రెండు ఉన్నవి. కావున వ్యక్తులు ఇరువురు. పోలిక అనునది విచారణ పరిధిలోనికి రాదు."

డీను గారు రెండో కళ్లజోడు తీసేశారు. నేను కూడా కొంచెం తేలికపడ్డాను.

"ఫిర్యాదుదారుణ్ని మీరు ఎరుగుదురా?"

"ఎరుగుదును."

"అతడెటువంటివాడు?"

ఇంతవరకు నన్నెవరూ అడగని ప్రశ్న. ఆలోచించాను. "పనికిమాలిన గర్వం. కానీ అబద్ధమాడడు."

"అయితే సాంబారులో నీరు కలిపారా?"

ఉదయభాస్కర్ నా వైపు చూశాడు. తలుపు సందులో రుక్సానా కన్ను ఒకటి కనపడింది. పోయలేదు అంటే విద్యార్థి పోతాడు. పోశాను అంటే వంటవాడు పోతాడు. ఎవరు పోయినా వంట ఆగుతుంది. ఏ మాట చెప్పినా ఒకటే అయినప్పుడు, తేలికైన మాట చెప్పాను.

"పోశాను. రెండు చెంబులు."

"పులిహోరలో..."

"నిమ్మకాయే. బెల్లం నేనే వేశాను. ఇంగువ కూడా మరిచిపోయాను."

రిజిస్ట్రారు కలం కింద పెట్టాడు. ఫిర్యాదుదారుడు, నిందితుడు ప్రతి విషయంలోను ఏకాభిప్రాయంతో ఉండడం తన ముప్ఫై ఏళ్ల సర్వీసులో చూడలేదన్నాడు. తీర్పు అరగంటలో వచ్చింది. వంటవాడిని తొలగించారు. మెస్సు మూశారు. విద్యార్థి ధైర్యాన్ని మెచ్చుకుని, ఏడాదిపాటు మెస్సులో ఉచిత భోజనం మంజూరు చేశారు.

తాళం వేస్తుంటే ఆ మాట నాకు తెలుగులో చదివి వినిపించారు.

ఆ తర్వాత నేను ఉట్టి విద్యార్థిని. వంటగదికి విద్యార్థులు పోకూడదు. వేరే పని లేక మొదటిసారి తరగతికి వెళ్లాను.

చివరి బల్ల మీద కూర్చున్నాను. చుట్టూ పద్దెనిమిదేళ్ల పిల్లలు. పంతులమ్మ గొంతు నీళ్ల మీద నూనెలా పైపైనే పోతున్నది. తొమ్మిదింటిదాకా బాగానే ఉన్నది. పదింటికి పొద్దున తాగిన ఎర్ర సూపు ఎటు పోయిందో తెలియలేదు. పదకొండింటికి కడుపులో చేయిపెట్టి మెలితిప్పినట్టైంది. బోర్డు మీద అక్షరాలు కదిలాయి. పక్క పిల్లవాడు పెన్ను మూత నములుతున్నాడు. ముందు బల్ల మీద పిల్ల తల వాల్చేసింది. కిటికీ బయట మంచు. ఇంకా రెండు గంటలు.

రెండేళ్లు వాళ్లకు వడ్డించాను. రెండో దోసె అడిగితే "వెనక లైనుంది" అని కసిరేవాణ్ని. పదకొండు గంటల తరగతి కోసం అడుగుతున్నారని నాకు తెలియదు.

వారానికల్లా పిల్లల బుగ్గలు దిగిపోయాయి. ఫోనులో "చూడమ్మా" అని కంచం చూపించడం మానేశారు. ముఖం మాత్రం చూపించి పెట్టేస్తున్నారు. రుక్సానా రెండు రోజులు వాంతులు చేసుకుని మూడో రోజు లైబ్రరీలో కూర్చుంది. ఎముకల పుస్తకం అనుకున్నాను. కళాశాల రూల్సు పుస్తకం.

సాయంత్రం నన్ను, ప్రణీత్‌ను వెంటబెట్టుకుని నేరుగా డీను గారి దగ్గరికి పోయింది. పోతూ మెట్ల మీద ఉదయభాస్కర్‌ను కూడా టై పట్టుకుని లాక్కుపోయింది.

సంగతి ఇది. మూడో సంవత్సరంలో ఆహారశాస్త్రమని ఒక సబ్జెక్టు ఉన్నది. దానికి ప్రయోగశాల ఉన్నదని కళాశాల వాళ్లు పదకొండేళ్లుగా కాగితాల్లో రాస్తున్నారు. గది మాత్రం లేదు. వచ్చే నెల పైనుంచి తనిఖీకి వస్తున్నారు. కింద పొయ్యిలతో, గిన్నెలతో ఒక గది ఖాళీగా తాళం వేసి ఉన్నది.

డీను గారు రెండు కళ్లజోళ్లూ తీసి బల్ల మీద పెట్టారు. ఉదయభాస్కర్ ఆమె మాట చెప్పాడు. "ప్రయోగశాల ఎల్లప్పుడునూ అక్కడే ఉన్నది. మనము గుర్తింపలేదు."

"ప్రయోగశాలలో యా విద్యార్థైనా పన్జెయ్యొచ్చు, పదిహేడో రూలు" అంది రుక్సానా. "మా సన్నాహక కోర్సు తాత అప్లికేషన్ పెట్టినాడు."

నేను పెట్టలేదు. అక్కడికక్కడ పెట్టాను.

"ప్రయోగం ఏమిటి?" అని అడిగాడు రిజిస్ట్రారు.

"సాంబారు" అన్నాను.

"నూట నలభై మందికి సరిపడా పరిమాణం ఎందుకు?"

ప్రణీత్ ఒక అడుగు ముందుకేశాడు. "తక్కువ జేస్తె రిజల్టు నమ్మబుద్ధి కాదు సార్."

రిజిస్ట్రారు రాసుకున్నాడు. తర్వాత నిబంధనలు చదివాడు. ప్రయోగ పదార్థములు నిల్వ ఉంచరాదు, ఏ పూటకాపూట నిర్మూలింపవలెను. పరీక్షాధికారి ప్రతి మాసము మార్కులు వేయవలెను. ప్రయోగము నెగ్గినవాడు పై తరగతికి పోవును, మరల ఆ గదిలోనికి రారాదు. తప్పినవాడు నెగ్గువరకు ప్రతిదినము అదే ప్రయోగము చేయవలెను.

మర్నాడు ఉదయం తాళం తీశారు. ఏడింటికి నూట నలభై మంది కంచాలు పట్టుకుని నిర్మూలించడానికి దిగారు. గరిటె చప్పుడు, మింగుడు చప్పుడు. రెండో దోసె ఎవరూ అడగకముందే వేశాను.

రుక్సానా ఆ ఏడు అన్ని సబ్జెక్టులూ నెగ్గింది. నేను నెగ్గలేదు.

మాకు పరీక్షాధికారిగా వేసింది శరీరశాస్త్రం పెద్ద ప్రొఫెసరమ్మను. డెబ్భై దాటిన మనిషి, నిటారుగా ఉంటుంది. చేతిలో పుస్తకం, తాడుకు కట్టిన పెన్సిలు. నెలాఖరున వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, నేను చేసేదంతా రాసుకుంటుంది. తర్వాత గిన్నెడు తింటుంది. తర్వాత ప్రశ్న వేస్తుంది. ప్రశ్న ఒకటే.

"ఉప్పు ఎంత?"

"తగినంత" అంటాను.

అది కొలత కాదట. తప్పినట్టు రాస్తుంది.

మొదటి మూడు నెలలు నాకు నిజంగానే తెలియదు. నాలుగో నెల ప్రణీత్ సరదాకు తూచి చూశాడు. నేను ఏ రోజు వేసినా నాలుగువందల పన్నెండు గ్రాములే పడుతున్నదట, ఒక రవ్వ అటూ ఇటూ లేకుండా. ఆ అంకె నా బుర్రలోంచి పోలేదు. భాష కూడా అప్పటికి అంతో ఇంతో పట్టుబడింది. అంకెలు వాళ్ల మాటల్లో వెయ్యిదాకా చెప్పగలను.

పోయిన నెలాఖరున ప్రొఫెసరమ్మ గిన్నె ఖాళీ చేసి, పెన్సిలు తీసింది. పుస్తకంలో నా పేజీ తిప్పి చూసుకున్నది. వరసగా ఇరవై రెండు నెలలు తప్పాను. కళాశాల చరిత్రలో అదీ అపూర్వమేనట.

"బాలకోటయ్య" అన్నది, వాళ్ల యాసలో, మెల్లగా, నాకు అర్థమయ్యేట్టు. "ఒక్క అంకె చెప్పు. ఏదో ఒకటి. నేను నెగ్గించేస్తాను. వచ్చే నెలనుంచి నువ్వు మెడిసిన్ మొదటి సంవత్సరం. ఆరేళ్లలో డాక్టరువి."

ఆరేళ్లలో నాకు డెబ్భై ఒకటి. డాక్టర్ గుర్రం బాలకోటయ్య. బోర్డు మీద ఎలా ఉంటుందో చూసుకున్నాను. బాగానే ఉన్నది. తెల్లకోటు కూడా వేసి చూసుకున్నాను. అద్దంకిలో బస్సు దిగినట్టు కూడా ఊహించుకున్నాను. అంకె నాలుక కొసకు వచ్చి కూర్చున్నది.

ఆవిడ వెనక, తలుపు దగ్గర, ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లలు కంచాలతో నిలబడి ఉన్నారు. గోడ గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తున్నది. ఎవరి క్లాసో ముందే వదిలినట్టున్నారు. ఒకడు పెన్సిలు కొస నములుతున్నాడు.

"తగినంత" అన్నాను.

ప్రొఫెసరమ్మ నా ముఖంలోకి చూసింది. ఆవిడకు శరీరశాస్త్రం తెలుసు, ముఖం వెనక ఏముందో తెలియకపోదు. తప్పినట్టు రాసి, పుస్తకం మూసి, ఖాళీ గిన్నె నా ముందుకు జరిపింది.

మళ్లీ వడ్డించాను.